బీఎస్సీ తర్వాత ఎంబీఏ: దారి అసలు ఎక్కడ మారుతుంది?

మా పిన్ని కొడుకు పాశమైలారం దగ్గర ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాలు చేసే) కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్టు. చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ. చేరి మూడేళ్లయింది. మొన్న నైట్ షిఫ్టులో హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంతుందో విడదీసి కొలిచే మెషీను) మీద శాంపిల్స్ పెట్టి, అవి రన్ అయ్యేలోపు క్యాంటీన్‌కి వచ్చి ఫోన్ చేశాడు. ల్యాబ్‌లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు కదా.

"అన్నయ్యా, ఎంబీఏ చేస్తే ఇక్కణ్నుంచి బయటపడతానా?"

పద్నాలుగేళ్ల కింద ఇదే ప్రశ్న నేనూ ఒక సీనియర్ని అడిగాను. అప్పుడు నేనూ కెమిస్టునే. రాష్ట్ర స్థాయి ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసి, యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎంబీఏ చేసి, ఇప్పుడు ఒక ఫార్మా కంపెనీలో పర్చేజ్ చూస్తున్నాను. కాబట్టి "బయటపడతావురా, చెయ్యి" అనేయడం నాకు తేలికే. కానీ నాతో చదివిన అరవైమందిలో సైన్సు వాళ్లం చాలామందిమే ఉన్నాం. కొందరికి దారి మారింది, కొందరికి మారలేదు. ఒకరిద్దరు రెండేళ్లు, ఫీజు పోగొట్టుకుని మళ్లీ అదే ల్యాబ్‌కి వెళ్లారు. చదువు అందరిదీ ఒకటే, సిలబస్ ఒకటే. మరి తేడా ఎక్కడొచ్చిందన్నది చూడాలి.

కంపెనీ మారుతుంది, పని మారదు

ల్యాబ్‌లో మెట్లు ఇలా ఉంటాయి: ట్రైనీ కెమిస్టు, కెమిస్టు, సీనియర్ కెమిస్టు, ఎగ్జిక్యూటివ్, సీనియర్ ఎగ్జిక్యూటివ్. బీఎస్సీతో అక్కడిదాకా ఎక్కొచ్చు. పక్కనే ఆర్‌అండ్‌డీ బిల్డింగ్ కనిపిస్తుంటుంది గానీ అందులోకి వెళ్లాలంటే ఎమ్మెస్సీ అడుగుతారు. అక్కడ టీమ్ నడిపేవాళ్ల పేర్ల ముందు చాలాసార్లు డాక్టర్ అని ఉంటుంది. జీతం బాగా పెరగాలంటే కంపెనీ మారాలి. జీడిమెట్ల నుంచి బొల్లారం, బొల్లారం నుంచి బాచుపల్లి, లేదా విశాఖ వైపు పరవాడ, అచ్యుతాపురం. మారిన ప్రతిసారీ జీతం కొంత పెరుగుతుంది. కానీ కొత్త కంపెనీలోనూ అదే మెషీను, అదే ఎస్‌ఓపీ (పని ఎలా చేయాలో రాసిపెట్టిన పత్రం), ఆడిట్ వస్తోందంటే అదే టెన్షన్.

దీనికి కారణం ఉంది. అనుభవం ఉన్నవాణ్ని తీసుకునే కంపెనీ చూసేది నిన్నటిదాకా ఏం చేశాడన్నదే. హెచ్‌పీఎల్‌సీ నడిపినవాడు హెచ్‌పీఎల్‌సీ నడపడానికి పనికొస్తాడు. పర్చేజ్‌లో ఖాళీ ఉందని తెలిసి అదే మనిషి అప్లై చేస్తే "పర్చేజ్‌లో ఎన్నేళ్ల అనుభవం?" అంటారు. అనుభవం లేకపోతే ఉద్యోగం రాదు, ఉద్యోగం లేకపోతే అనుభవం రాదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంటుంది వ్యవహారం.

ఎంబీఏ వల్ల జరిగే అసలు మేలు ఈ ముడి దగ్గరే ఉంది. క్యాంపస్‌కి వచ్చే కంపెనీ "ఈ పని ఇంతకుముందు చేశావా" అని అడగదు. మేనేజ్‌మెంట్ ట్రైనీగా తీసుకుని పని తనే నేర్పుతుంది. పనిచేసే వయసులో ఉన్న మనిషిని, కొత్త పనిలోకి, అనుభవం అడక్కుండా తీసుకునే సందర్భాలు మన దగ్గర రెండో మూడో ఉంటాయి. సర్కారు ఉద్యోగ పరీక్షలు ఒకటి, క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఇంకొకటి.

ఫుల్‌టైమ్ కోర్సులో మొదటి ఏడాది అయ్యాక ఎనిమిది వారాల పాటు సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఉంటుంది. చాలామంది దీన్ని సర్టిఫికెట్ కోసం చేసే తంతులా చూస్తారు. దారి మారాలనుకునేవాడికి అంతకన్నా విలువైనది ఆ రెండేళ్లలో మరొకటి లేదు. నా బయోడేటాలో "క్వాలిటీ కంట్రోల్" అనే మాట లేని మొదటి లైను ఆ ఎనిమిది వారాల వల్లే వచ్చింది. రసాయనాల సరఫరాదారుల రేట్లు పోల్చి ఒక రిపోర్టు రాశాను, అంతే. గొప్ప పనేం కాదు. కానీ ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూ మొత్తం ఆ రిపోర్టు చుట్టూనే నడిచింది. ల్యాబ్ గురించి ఒక్క ప్రశ్నే అడిగారు.

దీనికి ఒక మూల్యం కూడా ఉంది. మేనేజ్‌మెంట్ ట్రైనీ అంటే మళ్లీ మొదటి మెట్టు. మూడేళ్లు షిఫ్టులు చేసినవాడూ నిన్న డిగ్రీ అయినవాడూ చాలా కంపెనీల్లో ఒకే జీతంతో మొదలుపెడతారు. నా పక్క సీట్లో కూర్చున్న అమ్మాయి నాకన్నా నాలుగేళ్లు చిన్నది. మొదట్లో మనసుకి కాస్త కష్టంగానే ఉంటుంది.

క్లాసులో నేర్చుకునేది ఎంత?

సైన్సు వాళ్లకి ఎంబీఏ మొదటి సెమిస్టర్లో భయపెట్టే సబ్జెక్టు అకౌంట్స్. డెబిట్ ఎడమ, క్రెడిట్ కుడి అని బట్టీ పడితే రాదు. నాకైతే ఒకరోజు మాస్ బ్యాలెన్స్ గుర్తొచ్చాక దారి దొరికింది. రియాక్టర్‌లోకి వెళ్లిన పదార్థం ఎంతో, బయటికొచ్చిన ప్రొడక్టు, వ్యర్థం, ఆవిరి కలిపి అంతే ఉండాలి. తేడా వస్తే ఎక్కడో లీకేజీ ఉన్నట్టు. బ్యాలెన్స్ షీటు కూడా అంతే. డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో ఒకవైపు, ఎక్కడికి వెళ్లిందో ఇంకోవైపు. రెండూ సరిపోవాలి. మా తాతగారు బియ్యం కొట్టులో చిట్టా, ఆవర్జా రాసినప్పుడు చేసిందీ ఇదే. పదార్థం ఎక్కడికీ పోదని చెప్పిన లవోయిజర్ గురించి ఆయనకి ఎవరూ చెప్పలేదు.

స్టాటిస్టిక్స్, ఆపరేషన్స్ రీసెర్చ్ లాంటివి ఎంపీసీ వాళ్లకి నల్లేరు మీద నడక. మార్కెటింగ్, ఆర్గనైజేషనల్ బిహేవియర్ మాత్రం తికమక పెడతాయి. కేస్ స్టడీ ఇచ్చి "నువ్వైతే ఏం చేస్తావు" అంటారు. ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. ప్రొఫెసరు అన్నీ విని ఏది కరెక్టో చెప్పకుండానే క్లాసు ముగిస్తారు. టైట్రేషన్లో రీడింగ్ రెండుసార్లు కలవకపోతే మళ్లీ చేయాలని నేర్చుకున్నవాళ్లకి ఇది చిరాకు. ఒకే కరెక్టు జవాబు కోసం వెతికే అలవాటు నాకు పోవడానికి ఏడాది పట్టింది. సరైన సమాచారం సగమే ఉన్నా నిర్ణయం ఇవాళే తీసుకోవాలి, తర్వాత తప్పని తేలితే దిద్దుకోవాలి: మేనేజ్‌మెంట్ అంటే రోజువారీ బతుకులో ఇదే.

ఆ తేడాని ఒక లెక్కతో చూద్దాం. ఊహకి ఒక బ్యాచ్ తీసుకోండి. 500 కిలోలు, కిలో 2,000 రూపాయలు, మొత్తం 10 లక్షలు. క్యూసీలో ఒక ఇంప్యూరిటీ హద్దు దాటింది. కెమిస్టుకి అదొక ఓఓఎస్ (అవుట్ ఆఫ్ స్పెసిఫికేషన్, అంటే హద్దు దాటిన ఫలితం): విచారణ, రిపోర్టు, సంతకాలు. ఇరవై రోజులు బ్యాచ్ ఆగింది. ఇప్పుడు కంపెనీకి ఎంత నష్టం? 12 శాతం వడ్డీకి 10 లక్షలు ఇరవై రోజులు ఇరుక్కుంటే పోయేది దాదాపు 6,575 రూపాయలు. కెమిస్టు ఆ అంకె చూసి "ఇంతేనా" అంటాడు. కానీ ఆ ఇరవై రోజుల్లో సరుకు ఎక్కాల్సిన ఓడ వెళ్లిపోయింది. అవతల కొనేవాడి ప్లాంటు ఆగే పరిస్థితి వచ్చి, ఇంకో కంపెనీ నుంచి తెప్పించుకున్నాడు. వచ్చే ఏడాది ఆర్డరులో సగం ఆ రెండో కంపెనీకి వెళుతుంది. అసలు నష్టం అది, ఏ వడ్డీ లెక్కలోనూ కనపడదు. ఇంప్యూరిటీ ఎందుకొచ్చిందో తెలిసి, ఓడ వెళ్లిపోతే ఏమవుతుందో కూడా తెలిసిన మనిషి కంపెనీలో తక్కువ. అలాంటి మనిషికి గిరాకీ ఉంటుంది.

అలాగని ఇదంతా క్లాసులోనే నేర్చుకోవాలా అంటే, లేదు. అకౌంట్స్ పుస్తకం రెండు నెలలు కూర్చుని చదివితే వస్తుంది. ఇంటర్నెట్‌లో పాఠాలు ఉచితంగా ఉన్నాయి. మరి కంపెనీలు డిగ్రీనే ఎందుకు అడుగుతాయి?

దీనికి మైకేల్ స్పెన్స్ అనే ఆర్థికవేత్త 1973లో ఒక వివరణ ఇచ్చారు. తర్వాత 2001లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఉద్యోగమిచ్చేవాడికి ఎదుటి మనిషి సామర్థ్యం కంటికి కనపడదు. కాబట్టి సామర్థ్యం ఉన్నవాళ్లకి తేలిగ్గా, లేనివాళ్లకి కష్టంగా ఉండే పని ఏదైనా ఉంటే, దాన్ని దాటి వచ్చినవాణ్ని నమ్ముతాడు. చదువు అలాంటి గుర్తుగా పనిచేస్తుంది, అందులో నేర్చుకున్నది ఎంతన్నదానితో పెద్దగా సంబంధం లేకుండానే. ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ దాటి ఐఐఎంలో సీటు తెచ్చుకున్నవాడి విషయంలో కంపెనీ జల్లెడ పట్టే పని క్యాట్ ముందే చేసిపెట్టింది. ఈ సిద్ధాంతాన్ని తిరగేసి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ఎవరు డబ్బు కడితే వాళ్లకి సీటిచ్చే కాలేజీ డిగ్రీ ఏ గుర్తునీ పంపదు.

ఒకే పేరు, వేరే వేరే సరుకులు

ఎంబీఏ మంచిదా కాదా అన్న చర్చ ఎప్పటికీ తెగకపోవడానికి కారణం ఇక్కడుంది. ఎంబీఏ పేరుతో అమ్మేది మూడు వస్తువుల కట్ట: చదువు, గుర్తింపు, క్యాంపస్ ప్లేస్‌మెంట్. కాలేజీని బట్టి కట్టలో ఏది ఎంత ఉందన్నది మారిపోతుంది. మూడూ ఉన్నచోటు చదివినవాడు "జీవితం మారిపోయింది" అంటాడు. చదువు ఒక్కటే, అదీ అరకొరగా ఉన్నచోటు చదివినవాడు "వేస్ట్ బాసూ" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

పైవరసలో ఐఐఎంలు, ఆ స్థాయి బిజినెస్ స్కూళ్లు. మనకి దగ్గర్లో విశాఖపట్నం ఐఐఎం 2015లో మొదలైంది. మొదట్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆవరణలో నడిచింది. దేశంలో ఎంబీఏని తొలినాళ్లలో, 1957లోనే మొదలుపెట్టిన ఘనత ఆ విశ్వవిద్యాలయానిది కాబట్టి అది బాగానే కుదిరింది. ఐఐఎంలకి క్యాట్ రాయాలి. డిగ్రీలో 50 శాతం ఉంటే చాలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45. రెండు గంటలు, మూడు విభాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఐఐఎం క్లాసుల్లో ఇంజినీర్లే ఎక్కువగా ఉంటారు కాబట్టి కొన్ని ఐఐఎంలు ఇంజినీరింగ్ కానివాళ్లకి షార్ట్‌లిస్టులో అదనంగా కొన్ని పాయింట్లు కలుపుతాయి. బీఎస్సీ చదివినందుకు ఎక్కడైనా లాభం ఉందంటే ఇదొకటి. చిక్కల్లా టెన్త్, ఇంటర్, డిగ్రీ మార్కులు కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఇంటర్‌లో జారినవాడికి ఆ జారుడు ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది.

హైదరాబాద్ గచ్చిబౌలిలో 2001 నుంచి నడుస్తున్న ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్, అదే ఐఎస్‌బీది వేరే లెక్క. అక్కడి ప్రధాన కోర్సు ఏడాదే. జీమ్యాట్ లేదా జీఆర్‌ఈ స్కోరుతో పాటు మామూలుగా కనీసం రెండేళ్ల అనుభవం ఉండాలి.

ఇక ఐసెట్. మనలో ఎక్కువమందికి ఎంబీఏ అంటే ఇదే. 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు, తప్పు రాస్తే మార్కులు పోవు. జనరల్ వాళ్లు 50 మార్కులు తెచ్చుకుంటే క్వాలిఫై అయినట్టే. అంటే ఐసెట్‌లో క్వాలిఫై అవడం ఎవరికీ ఏ గుర్తూ పంపదు. మంచి ర్యాంకు పంపుతుంది. ఉస్మానియా, ఆంధ్ర, జేఎన్‌టీయూ, శ్రీ వేంకటేశ్వర లాంటి యూనివర్సిటీల క్యాంపస్ కాలేజీల్లో సీటుకి ర్యాంకు కావాలి. ఫీజు తక్కువ, సీనియర్లు ఊరినిండా ఉంటారు. హైదరాబాద్‌లో ఏ ఫార్మా కంపెనీ పర్చేజ్‌లోనో, మార్కెటింగ్‌లోనో తట్టి చూస్తే అలాంటివాళ్లు ఒకరైనా తగులుతారు. ఆ వరస దాటాక కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్లు అంటూ సీట్లు ఎదురొచ్చి పిలుస్తాయి. పిలిచే కాలేజీలతోనే జాగ్రత్త.

డిస్టెన్స్ ఎంబీఏ గురించి రెండు మాటలు. ఉద్యోగం చేస్తూ చదవొచ్చు, ఖర్చు తక్కువ. ఉన్న కంపెనీలోనే సీనియర్ ఎగ్జిక్యూటివ్ నుంచి మేనేజర్ అవడానికి "పీజీ ఉండాలి" అన్న నిబంధన అడ్డుగా ఉంటే అది తొలగిస్తుంది. కానీ అందులో ఇంటర్న్‌షిప్ లేదు, క్యాంపస్‌కి వచ్చే కంపెనీ లేదు. ల్యాబ్ నుంచి బయటికి తీసుకొచ్చే తలుపు అందులో ఉండదని తెలిసే చేరాలి.

పీజీడీఎం అని కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. యూనివర్సిటీ కాని సంస్థ డిగ్రీ ఇవ్వలేదు కాబట్టి డిప్లొమా ఇస్తుంది. ఐఐఎంలు కూడా 2017 నాటి చట్టం అమల్లోకి వచ్చేదాకా ఇచ్చింది డిప్లొమానే.

ఎంత దూరం దూకాలి

దారి మారడంలో మూడు మార్పులు కలిసి ఉంటాయి: చేసే పని, ఉన్న రంగం, ఉన్న ఊరు. మూడూ ఒకేసారి మార్చాలంటే పెద్ద పేరున్న స్కూలు వెనక ఉండాలి. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్‌తో డిగ్రీ చదివిన ఇంద్రా నూయి 1976లో కలకత్తా ఐఐఎం నుంచి బయటికొచ్చి బట్టల కంపెనీలో, తర్వాత జాన్సన్ అండ్ జాన్సన్‌లో పనిచేశారు. ఆ తర్వాత యేల్‌లో ఇంకో మేనేజ్‌మెంట్ డిగ్రీ. 2006లో పెప్సీకో సీఈఓ అయ్యారు. కెమిస్ట్రీ అవసరమే లేని దారి అది. కోచింగ్ సెంటర్ల గోడల మీద ఆమె ఫొటో అందుకే ఉంటుంది. కానీ ఆ వెనక రెండు పెద్ద స్కూళ్లున్న సంగతి ఫొటోలో కనపడదు.

మిగిలిన మనబోటివాళ్లకి రంగం ఉంచుకుని పని మార్చుకోవడం తేలిక. సైన్సు చదువు అప్పుడు బరువు కాదు, పెట్టుబడి. ల్యాబ్ నుంచి అదే ఫార్మాలో పర్చేజ్, సప్లయ్ చెయిన్, బిజినెస్ డెవలప్‌మెంట్, ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ వైపు వెళ్లడం ఇలాంటిది. నేను సాల్వెంట్లు కొనేటప్పుడు అమ్మేవాడు "ఇది రికవర్డ్ (ఒకసారి వాడి శుద్ధిచేసింది) కాదు సార్, ఫ్రెష్" అంటే, అనాలిసిస్ రిపోర్టు చూసి నిజమో కాదో నాకు తెలుస్తుంది. కామర్స్ చదివి వచ్చిన నా సహోద్యోగి ఆ మాటకి క్యూసీకి ఫోన్ చేయాలి. బేరమాడటంలో ఆయన నాకన్నా దిట్ట, అది వేరే సంగతి.

ఎవరి సైన్సు ఎక్కడ పనికొస్తుందో కూడా ఒక్కటి కాదు. బీజెడ్‌సీ వాళ్లకి ఆసుపత్రుల నిర్వహణ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్‌కేర్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌కి విడిగా ఎంబీఏ ఉంది. డయాగ్నస్టిక్ ల్యాబులు, క్లినికల్ రీసెర్చ్ కంపెనీలు కూడా ఇటువైపే. అగ్రికల్చర్ బీఎస్సీ చేసినవాళ్లకి రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ ఉంది. అగ్రి బిజినెస్ డిప్లొమాకి వ్యవసాయ, అనుబంధ శాస్త్రాలు చదివినవాళ్లనే క్యాట్ స్కోరు మీద తీసుకుంటుంది. సీడ్ కంపెనీలు, పురుగుమందుల కంపెనీలు, గ్రామీణ బ్యాంకింగ్ దాని చుట్టూ తిరుగుతాయి. రైతుతో పది నిమిషాలు మాట్లాడలేనివాడు ఆ ఉద్యోగాల్లో నిలవడు కాబట్టి ఇక్కడ సబ్జెక్టు నిజంగానే అక్కరకొస్తుంది. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ వాళ్లకి అనలిటిక్స్, బ్యాంకుల్లో రిస్క్ విభాగాలు. ఫిజిక్స్ వాళ్ల సంగతే కాస్త చిక్కు. నేరుగా అతికే రంగం తక్కువ. నాకు తెలిసినవాళ్లు ఎక్కువగా లెక్కల బలం మీద ఫైనాన్స్ వైపు వెళ్లారు.

అసలు ఎంబీఏ లేకుండానే కొన్ని పక్కదారులున్నాయి. వాటిని చూడకుండా రెండేళ్లు పెట్టడం తొందరపాటు. క్యూసీ నుంచి క్వాలిటీ అష్యూరెన్స్‌కి, అక్కణ్నుంచి మందులకి ప్రభుత్వ అనుమతులు తెచ్చే రెగ్యులేటరీ అఫైర్స్‌కి చాలా కంపెనీల్లో లోపలే మారొచ్చు. డాక్యుమెంట్లు శ్రద్ధగా రాసేవాడని పేరుంటే అడిగి చూడాలి. మందుల దుష్ప్రభావాలని గమనించే ఫార్మకోవిజిలెన్స్ విభాగం లైఫ్ సైన్సెస్ వాళ్లని నేరుగా తీసుకుంటుంది. షిఫ్టులు పడలేకపోవడం, బాస్‌తో పడకపోవడం ఎంబీఏకి కారణాలు కావు. సేల్స్‌లో బాస్ ఇంకా గట్టిగా ఉంటాడు.

హైదరాబాద్ ఫార్మాని నిలబెట్టినవాళ్లలో చాలామంది ఎంబీఏ చేయలేదన్న మాట కూడా వినిపిస్తుంటుంది. నిజమే. గుంటూరు ఏసీ కాలేజీలో బీఎస్సీ చేసిన అంజిరెడ్డి తర్వాత ఫార్మా టెక్నాలజీ చదివి, పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీలో పీహెచ్‌డీ చేసి, ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. కానీ ఆయన వెనక ఆ కాలం కూడా ఉంది. 1970 నాటి పేటెంట్ చట్టం మందుకి కాకుండా తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చింది. అదే మందుని కొత్త దారిలో తయారుచేయగల కెమిస్టు ఆనాడు వ్యాపారానికి సగం పెట్టుబడి. 2005లో ఆ చట్టం మారిపోయింది. కెమిస్ట్రీ ఒక్కదానితో కంపెనీ పెట్టే కాలాన్ని చూపించి ఇవాళ్టి కుర్రాడికి సలహా ఇవ్వడం నాకు సబబుగా అనిపించదు.

"మరి ఎమ్మెస్సీ ఎందుకు చేయలేదు?"

బీఎస్సీ వాళ్లని ఎంబీఏ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న అడక్కుండా వదలరు. వందలో తొంభై మంది చెప్పే జవాబు: "సైన్స్‌లో స్కోప్ లేదు సర్." ఆ మాట నోట్లోంచి రాగానే ప్యానెల్ కుర్చీలో ముందుకి జరుగుతుంది. "అలాగా, అయితే బీర్ లాంబర్ట్ నియమం చెప్పండి" అంటారు. ఆ నియమం మీదే పనిచేసే యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్‌ని మూడేళ్లు రోజూ నడిపినవాడు కూడా అక్కడ తడబడతాడు. వాళ్లకి ఆ నియమంతో పనిలేదు. వదిలేసి వస్తున్న సబ్జెక్టునైనా సరిగ్గా చదివావా, లేక దీన్నీ రేపు ఇలాగే వదిలేస్తావా అన్నదే వాళ్ల అనుమానం.

చూసిన ఒక్క సంఘటన పట్టుకుని మాట్లాడితే చాలు. "మా ప్లాంటులో ఫలానా ముడిసరుకు ఒకే సరఫరాదారు దగ్గర్నుంచి వచ్చేది. వాళ్ల దగ్గర ప్రమాదం జరిగితే మేం నెల రోజులు ఖాళీగా కూర్చున్నాం. రెండో సరఫరాదారుని ముందే ఎందుకు పెట్టుకోలేదో నాకు అర్థం కాలేదు. తెలుసుకోవాలనుకున్నాను." ఇలాంటి జవాబు చెప్పాలంటే రెండు మూడేళ్లు ఎక్కడో పనిచేసి ఉండాలి. అందుకే డిగ్రీ అయిన వెంటనే ఎంబీఏలో చేరడం కన్నా కాస్త ఆగి చేరడమే నా ఓటు. అయిదేళ్లు దాటితే మాత్రం మళ్లీ మొదటి మెట్టుకి దిగడం ఇంటికీ, ఒంటికీ కష్టం.

ఇంగ్లిష్ గురించి అడిగేవాళ్లు చాలామంది. తెలుగు మీడియంలో చదివినవాళ్లకి గ్రూప్ డిస్కషన్ అంటే గొంతు పట్టేస్తుంది. నాకూ పట్టేసింది. మొదటి నెల రోజులు క్లాసులో నోరు విప్పలేదు. రెండేళ్లు రోజూ ప్రెజెంటేషన్లు ఇస్తే అది పోతుంది, ఆ సంగతి నేను పూచీ ఇవ్వగలను.

డబ్బు లెక్క

ఫీజు అందరూ చూస్తారు. వదులుకునే జీతం కొందరే చూస్తారు. నెలకి 25,000 జీతమైతే రెండేళ్లకి 6 లక్షలు. అది కూడా ఖర్చే. పాత ఐఐఎంలలో రెండేళ్ల ఫీజు 20 లక్షలు దాటింది. యూనివర్సిటీ క్యాంపస్‌లో అందులో చిన్న వంతు. 10 లక్షల అప్పుని 10 శాతం వడ్డీతో ఏడేళ్లలో తీర్చాలంటే నెలకి దాదాపు 16,600 కట్టాలి. 20 లక్షలైతే 33,200. చేతికొచ్చే జీతంలో మూడోవంతుకి మించి ఈఎంఐకి పోతే నచ్చిన ఉద్యోగం కోసం ఆగే వీలుండదు. ముందొచ్చిన ఉద్యోగంలో చేరాల్సిందే. దారి మారడానికి చేసిన అప్పే దారిని నిర్ణయించేస్తుందన్నమాట. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఎంపిక చేసిన మంచి సంస్థల్లో సీటొస్తే తాకట్టు, హామీదారు లేకుండా అప్పు దొరుకుతుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకు అప్పు మీద చదువుకునే కాలంలో, ఆపై కొంత గడువు వరకు 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. మీరు చేరే కాలేజీ ఆ జాబితాలో లేకపోతే అదొక సమాచారమే అనుకోండి.

జీతాల అంకెల దగ్గర కాలేజీలు ఆడే ఆట చాలామందికి తెలియదు. అయిదుగురికి ఉద్యోగాలొచ్చాయనుకోండి: 4 లక్షలు, 4.5, 5, 5, ఒకరికి 30. సగటు 9.7 లక్షలు. ఫ్లెక్సీ మీద వేసేది ఇదీ, ఆ 30 లక్షలవాడి ఫొటో. మధ్యలో నిలబడ్డవాడికి వచ్చింది మాత్రం 5. ఆ మధ్య అంకెనే మీడియన్ అంటారు. కేంద్రం విద్యాసంస్థలకిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం సంస్థలు సమర్పించే వివరాల్లో ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మీడియన్ జీతం ఎంత అన్నవి ఉంటాయి. ఆ పత్రాలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. కాలేజీ కౌన్సెలర్‌తో అరగంట మాట్లాడటం కన్నా ఆ పేజీ మేలు.

అంకె ఒక్కటే చాలదు, ఏ పనికి తీసుకున్నారన్నది ముఖ్యం. మేనేజ్‌మెంట్ ట్రైనీ అని ఆఫర్ లెటర్‌లో ఉంటుంది. చేరాక చూస్తే ఇన్సూరెన్స్ పాలసీలో, క్రెడిట్ కార్డులో నెలకిన్ని అమ్మాలన్న టార్గెట్. అమ్మకం తక్కువ పని అని నేననను, దానికి ఇష్టపడి వెళ్లేవాళ్లకి బాగా కలిసొస్తుంది. కానీ సప్లయ్ చెయిన్ చదివి ఇందులో తేలినవాడు మోసపోయినట్టే బాధపడతాడు.

మా వాడికి ఆ రాత్రి ఇంత చెప్పలేదు. శాంపిల్స్ అయిపోయుంటాయని హడావుడిగా ఉన్నాడు. ఒక పని మాత్రం చెప్పాను: చేరదామనుకుంటున్న కాలేజీలో నాలుగైదేళ్ల కింద చదివిన బీఎస్సీ వాళ్లని ముగ్గురిని లింక్డ్‌ఇన్‌లో వెతికి, ఇప్పుడు రోజూ ఏం పని చేస్తున్నారో అడగమన్నాను. జీతం అడగొద్దు, పని అడుగు అన్నాను.

రెండు వారాలకి మళ్లీ చేశాడు. ఈసారి పగలే.

"ముగ్గురూ దొరికారన్నయ్యా. ఇద్దరు ఇన్సూరెన్స్‌లో ఉన్నారు. ఒకాయన బొల్లారంలో ఒక కంపెనీలో సప్లయ్ చెయిన్ చూస్తున్నాడు. మనలాగే కెమిస్ట్రీనట."

"ఆయనకి ఆ ఉద్యోగం క్యాంపస్‌లోనే వచ్చిందా, బయట తెచ్చుకున్నాడా?"

"అదే అడిగాను. ఆదివారం ఫోన్ చేయమన్నాడు."